ఒకే చెక్క, మూడు ముక్కలు

జువ్వలదిన్నె,
6 ఫిబ్రవరి 2025

ఇందుమూలముగా సూళ్లూరుపేట రైల్వే గేటు వీధిలో బడిపిల్లల యూనిఫారాలు కుట్టు నవోమి గారికి, ఆమె కత్తెరకు, ఆమె కుట్టుమిషనుకు తెలియజేయడమేమనగా:

జువ్వలదిన్నె తైక్వాండో క్లబ్బు సర్వసభ్య సమావేశము నిన్న సాయంత్రం నిండు కోరముతో జరిగినది. కోరమనగా కార్యదర్శినైన నేను, ముత్యాలయ్య, ఒక కుక్క. సభ తీర్మానించినది ఏమనగా, మేడమెట్ల మీద చెప్పులు విడుచువారు ఎడమది ఎడమపక్క, కుడిది కుడిపక్క విడువవలెను. తన్నుడు సంచిలో కాపురం పెట్టిన ఎలుకను గౌరవ సభ్యురాలిగా గుర్తించవలెను. గోడ గడియారం ఆగి రెండేళ్లయినందున క్లబ్బులో ఎప్పుడూ ఐదుంబావే అని అందరూ ఒప్పుకోవలెను. కుక్క ఒక్కటి అభ్యంతరం చెప్పింది. దాన్ని మినిట్సు పుస్తకంలో ఎక్కించినాము.

చెల్లెమ్మా నవోమీ, ఇంతదాకా చదివినావంటే చించలేదన్నమాట. సంతోషం.

నా నంబరు బ్లాకు చేసి నాలుగేళ్లు. తప్పు నాదే. నీ ఫొటో పెట్టి, "తప్పిపోయినది, ఆచూకీ చెప్పినవాళ్లకు అయిదు కిలోల టైగరు రొయ్యలు" అని వాట్సాపులో వదిలింది నేనే. నలభైమంది నీకు ఫోను చేసి "అమ్మా, నువ్వు దొరికినావా, రొయ్యలు యాడ ఇస్తారు" అని అడుగుతారని నేను కలగన్నానా? ఉత్తరాన్ని బ్లాకు చేసే మీట ఇంకా ఎవరూ కనిపెట్టలేదు గదా, అందుకని రాస్తున్నా.

ఇప్పుడు అసలు సంగతి. తుఫాను షెల్టరు మేడ మీద మన గది నీకు తెలుసు. హార్బరు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రిజిస్టరైన క్లబ్బుకు నల్ల బెల్టు ఉన్న మాస్టరు ఒకరు ఉండాలంట. జూన్ పదిహేను లోపల చూపించకపోతే గది వెనక్కి తీసుకుని హార్బరు సామాను పెట్టుకుంటారంట. సుశీల్ కుమార్ మాస్టారు పోయి నాలుగేళ్లాయె. అప్పటినుంచి పిల్లలకు తన్నుల లెక్క చెప్తున్నది నేను. ఇరవై ఎనిమిదేళ్ల కింద పసుపు బెల్టు దగ్గర ఆగిపోయిన ఘనుణ్ణి.

మే నెలలో నెల్లూరులో పరీక్ష ఉంది. ఎర్ర బెల్టు దాకా వచ్చినవాళ్లు ఎవరైనా కూచోవచ్చంట. ఎర్ర బెల్టు దాకా వచ్చి ఆగిపోయినది ఈ భూమండలం మీద నువ్వొక్కదానివే. వస్తావా?

ఇట్లు,
హజరత్తయ్య
(ఐసు కొట్టువాడు, కార్యదర్శి, నిరపరాధి)

*

సూళ్లూరుపేట,
15 ఫిబ్రవరి

హజరత్తయ్య గారికి,

ప్రభువు పేరట వందనాలు. మీ ఉత్తరం అందింది.

నాకు కుదరదు. మార్చి నుంచి జూన్ దాకా నాలుగు స్కూళ్ల యూనిఫారాలు నేనొక్కదాన్నే కుట్టాలి. ఒక స్కూలుకు చొక్కాలే ఆరువందలు. పైగా నాకు నలభైమూడు. ఈ వయసులో కాలు ఎత్తి తన్నితే చూసేవాళ్లు నవ్వుతారు.

క్లబ్బుకు మంచి జరగాలని ప్రార్థన చేస్తాను. మా అన్న కూతురు మెర్లిన్ అక్కడికి వస్తుందని విన్నాను. చదువు పాడు చేసుకోవద్దని నేను చెప్పినట్టు చెప్పండి.

నవోమి

*

జువ్వలదిన్నె,
24 ఫిబ్రవరి

అమ్మా నవోమీ,

"గారు" చూసి ఎవరికి రాసినావా అని వెనక్కి తిరిగి చూసినా. ఎవరూ లేరు.

ఆఫీసువాళ్లు క్లబ్బు చరిత్ర రెండు పేజీల్లో రాసిమ్మన్నారు. టెంత్ ఫెయిలయినవాడు చరిత్ర రాస్తే ఎట్టా ఉంటదో చూడు, తప్పులు దిద్ది పంపు.

"1997వ సంవత్సరమున సుశీల్ కుమార్ మాస్టారు కావలి నుంచి లూనా బండి మీద జువ్వలదిన్నెకు దయచేసినారు. బడిలో డ్రిల్లు మాస్టారు ఉద్యోగమని వచ్చి, ఆ ఉద్యోగం ముందే వేరేవాళ్లకు పోయిందని తెలిసి, తిరిగి పోను పెట్రోలు లేక ఇసకలో నిలబడినారు. అప్పుడు మావాళ్లు వల లాగుతున్నారు. మాస్టారు ఊరకుండలేక తాను కూడా తాడు పట్టి, కొరియా లెక్క చెప్పినారు. హానా, దూల్, సెట్, నెట్. నాలుగో లెక్కకు వల ఒడ్డుకు వచ్చింది. మావాళ్లకు ఆ లెక్క నచ్చింది. మనిషి కూడా నచ్చినాడు. ఆ విధముగా క్లబ్బు పుట్టినది. ఈరోజుకీ మా ఊళ్లో పడవ నెట్టేటప్పుడు ముసలివాళ్లు సైతం హానా, దూల్ అనే అంటారు. దానికి అర్థం ఏమని అడిగితే సముద్రం భాష అని చెప్తారు."

ఎట్టా ఉంది? ఇంతవరకు బాగనే వచ్చింది. తరవాత రాయాలంటే చెయ్యి ఆడలేదు. అరవైమంది ఉండేవాళ్లం. వేట నిషేధం రోజుల్లో మగవాళ్లంతా ఒడ్డున ఉంటారని మాస్టారు పరీక్షలు అప్పుడే పెట్టేవాడు, ఊరు ఊరంతా చూసేది. ఇప్పుడు పద్నాలుగుమంది. పన్నెండుమంది ఆడపిల్లలు. నల్ల బెల్టు వచ్చినోళ్లలో ఆండ్రూ మంగుళూరు బోట్ల మీదికి పోయి మళ్లీ ముఖం చూపలేదు. ముత్యాలయ్యకు షుగరు, కుడికాలు వేళ్లు రెండు తీసేసినారు. గదిలో మూల కూచుని పిల్లలకు "కాలు ఎత్తు, కాలు ఎత్తు" అని అరుస్తాడు. వాడి కాలు వాడు ఎత్తలేడు. వాణ్ణే మాస్టరని చూపిస్తే, నిలబడి నేర్పేవాళ్లు కావాలన్నారు ఆఫీసువాళ్లు.

మెర్లిన్ సంగతి అడిగినావు. బాగా చేస్తది. నీ పోలికే, పళ్లు కొరికి తన్నుతది. ఆ పిల్ల నాతో ఏమన్నదో రాస్తున్నా, నా కల్పన కాదు. "మామా, సాయంత్రం ఐదునుంచి ఏడు దాకా యాడికి పోతున్నావని నన్ను ఎవరూ అడగని చోటు ఇదొక్కటే" అనింది. గది పోతే ఆ పన్నెండుమందీ రొయ్యల వొలుపుడు షెడ్డుకు పోతారు. వ్యాను రోజూ వచ్చి వీధి చివర హారను కొడతానే ఉంది.

నవ్వుతారంటావు. నవ్వితే నా మీదికి మళ్లిస్తా. నాకు అలవాటే.

హజరత్తయ్య

*

సూళ్లూరుపేట,
5 మార్చి

హజరత్తన్నా,

మీరు అడగడం మానరని తెలిసింది. కాబట్టి ఒకసారి చెప్తాను, మళ్లీ అడగొద్దు.

యూనిఫారాల పని అన్నది సాకు. 2003 మే నెలలో నల్ల బెల్టు పరీక్షకు ఇసకలో ముగ్గురం నిలబడ్డాం, ఆండ్రూ, ముత్యాలయ్య, నేను. మాస్టారి పద్ధతి మీకు తెలియనిది కాదు. ఎవరి చెక్క మెత్తన, ఎవరిది గట్టి అన్న మాట రాకూడదని ఒకే మామిడి చెక్కను మూడు ముక్కలు కోయించేవాడు. కోసింది మీరే. ఆండ్రూ ముక్క విరిగింది. ముత్యాలయ్య ముక్క విరిగింది. నాది మూడు తన్నులకూ విరగలేదు. మూడో తన్నుకు నా కాలి ఎముక చిట్లింది. ఊరంతా చూస్తుండగా మా నాన్న నన్ను భుజం మీద వేసుకుని పోయినాడు.

నాన్న సంఘంలో వాక్యం చెప్పేవాడు కదా. ఆ రాత్రి ప్రార్థనలో "సమాధానము గల దేవా, ఆడబిడ్డకు ఈ తన్నులాట నీకు ఇష్టం లేదని తెలిపినావు, స్తోత్రము" అన్నాడు. నాన్న మాట అట్లా ఉంచండి. నేనూ అదే నమ్మినాను. పోలీసు సెలక్షనుకు అప్లికేషను నింపి బైబిలులో పెట్టుకున్నాను, నెల్లూరు పోయి ఇవ్వడమే తరువాయి. మంచం మీదే చించినాను.

ఒకే చెక్క, అన్నా. ఇద్దరికి విరిగింది, నాకు విరగలేదు. దానికి ఇంకో అర్థం లేదు. ఇరవై రెండేళ్లుగా వెతికినాను.

ఇంక రాయొద్దు.

నవోమి

*

జువ్వలదిన్నె,
14 మార్చి

నవోమీ,

ఈ ఉత్తరంలో తమాషా లేదు. వెతకొద్దు.

ఇంకో అర్థం ఉంది. అది నా దగ్గర ఉంది.

ఆ పొద్దు చెక్క కోసింది నేనే అన్నావు. నిజమే. మామిడి చెక్కను మూడుగా కోసినా. ఆండ్రూకు ఒకటి, ముత్యాలయ్యకు ఒకటి ఇచ్చినా. నీ ముక్కను మాత్రం పక్కన దాచి, దాని బదులు పాత పడవ విప్పినప్పుడు మిగిలిన టేకు ముక్క పట్టినా. రంగు తెలియకుండా ముగ్గుపిండి రుద్దినా. నువ్వు తన్నితే అది ఉలకదు పలకదు, నువ్వు బిక్కమొహం వేస్తావు, అప్పుడు అసలు చెక్క తీసి "ఇదిగో తల్లీ నీ చెక్క" అని ఊరంతటి ముందర నవ్వించాలని. అంతే. మొదటి తన్నుకే తీద్దామనుకున్నా. నీ ముఖం చూసి ఇంకొక్కటి కానీలే అనుకున్నా. మూడోది ఇట్టే అయిపోయింది. చప్పుడు వినపడింది. అది చెక్క చప్పుడు కాదు.

తరవాత అసలు చెక్క బయటికి తియ్యలేదు. మీ నాయన నిన్ను మోసుకుపోతా నా పక్కనే పొయ్యాడు. నేను టేకు ముక్కను పంచెలో చుట్టుకుని నిలబడినా. ఇంకోపక్క చెక్క పట్టుకున్నది మా బావమరిది. వాణ్ణి అడుగుదామంటే కరోనాలో పొయ్యాడు. మాస్టారికి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే నన్ను తన్నేవాడు, నీకు ఇంకో చెక్క ఇచ్చేవాడు. రెండూ న్యాయమే.

నీ కాలు తప్పు చేయలేదు. దేవుడు ఏమీ తెలపలేదు. నేను చేసినా.

నన్ను ఏమి తిట్టినా పడతా. పరీక్షకు మాత్రం పో.

హజరత్తయ్య

*

సూళ్లూరుపేట,
22 మార్చి

హజరత్తయ్యా,

నీకు వందనాలు రాయడానికి చెయ్యి రాలేదు. గారు, అన్న, రెండూ తీసేసినాను.

మూడు రోజులు మిషను ముట్టలేదు. పక్కింటి సాయిలక్ష్మి గారు వచ్చి ఎవరైనా పోయినారా అని అడిగారు. ఔనని చెప్పినాను. ఇరవై ఒక్కేళ్ల పిల్ల ఒకతి.

నీకు నవ్వు కావలసి వచ్చింది. ఒక్క నవ్వు. దానికోసం నన్ను మూడుసార్లు తన్ననిచ్చినావు. నీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఇట్లా చేసి ఉందువా? ఇన్నేళ్లూ పెళ్లిళ్లలో, చావుల్లో నాకు ఎదురుపడి "ఏం నవోమమ్మా, కాలు ఎట్టుంది" అని అడిగినావే, ఆ నోట్లో పురుగులు పడలేదా?

నువ్వు చచ్చేదాకా నిన్ను క్షమించను. నా విశ్వాసానికి అది తప్పు. ఆ తప్పు నేను మోస్తాను.

పరీక్ష ఏ తేదీ?

నవోమి

*

సూళ్లూరుపేట,
22 ఏప్రిల్

హజరత్తన్నా,

నువ్వు పంపిన ఫారం నింపి పంపినాను. మే 25 ఆదివారం అని ఉంది. ఆరాధన మానుకోవాలి. మా పాస్టరు గారు ఒక్క ఆదివారానికి సెలవిచ్చారు, ఎందుకో చెప్పలేదు, ఆయనా అడగలేదు.

తెల్లారి ఐదింటికి మేడ మీద, బట్టలు ఆరేసే తీగల మధ్య చేస్తున్నాను. మొదటిరోజు కాలు మోకాలి ఎత్తుకు లేచింది. పట్టు తప్పి ఎవరిదో లంగా పట్టుకుని వేలాడినాను. ఇప్పుడు నడుము దాటుతున్నది. తైక్వాండో ప్యాటర్న్‌లు, ఆ తన్నుల వరసలు, ఒక్కటీ మరిచిపోలేదు. మనసు మరిచినా నడుముకు గుర్తున్నాయి. హానా, దూల్ అని పైకే లెక్కపెడుతుంటే సాయిలక్ష్మి గారు కింద నుంచి "ఏం నవోమీ, కొత్త మతంలో కలిసినావా" అని కేకేసింది. కలిసినానని చెప్పినాను.

మెర్లిన్ సెలవులకు వచ్చింది. ఇద్దరం కలిసి చేస్తున్నాం. "అత్తా, నువ్వు ఇంత బాగా చేస్తావని ఇంట్లో ఎవరూ చెప్పలేదే" అన్నది. ఎవరికీ తెలియదు కాబట్టి చెప్పలేదని అన్నాను. నాకే తెలియదు.

ఈస్టరు పొద్దున బోగోలు పోయి నాన్న సమాధికి సున్నం వేయించినాను. పనివాడు అవతలికి పోయేదాకా ఆగి చెప్పినాను. "నాన్నా, ఆ రోజు అది దేవుడు కాదు. హజరత్తయ్య." నవ్వు వచ్చింది. అక్కడే కూచుని నవ్వినాను. సున్నం వేసేవాడు భయపడినాడు.

క్షమించనన్నాను. ఇంకా క్షమించలేదు. కానీ ఒక సంగతి చెప్పాలి. నువ్వు చేసింది చెప్పకుండా పోయి ఉంటే నేను ఆ ఇరవై ఒక్కేళ్ల పిల్లను చచ్చేదాకా అసహ్యించుకుని ఉందును. చెప్పినందుకు వందనాలు.

గది తాళం జాగ్రత్త. జూన్ మొదటి వారంలో వస్తాను. ముందుగా ఆ ఎలుకను పంపెయ్యి.

నవోమి

*

సూళ్లూరుపేట,
30 మే

అన్నా,

మెర్లిన్ ఈపాటికి చెప్పి ఉంటుంది. బెల్టు రాలేదు.

ప్యాటర్న్‌లు బాగా చేసినాను. పరీక్ష పెట్టే పెద్దాయన తల ఊపాడు కూడా. చేతి దెబ్బకు పలక విరిగింది. సైడు కిక్కుకు విరగలేదు. ఇప్పుడు చెక్క కాదన్నా, నీలం రంగు ప్లాస్టిక్కు పలక. విరిగితే రెండు ముక్కలను మళ్లీ కలిపి ఇంకొకరికి పెడతారు. నా ముందర పద్దెనిమిదేళ్ల పిల్ల అదే పలకను విరగగొట్టి, జడ సర్దుకుంటూ పోయింది. నాకు రెండు అవకాశాలు ఇచ్చారు. ఇంకొకటి ఇమ్మని నేనే అడిగినాను, ఇచ్చారు.

పలకను ఎవరూ మార్చలేదని నాకు తెలుసు. అయినా పట్టుకున్నవాళ్ల ముఖాలు చూసినాను. తప్పే.

గది విషయంలో నన్ను క్షమించు. పిల్లలకు ముఖం చూపలేక ఈసారి రావడం లేదు.

కానీ నేను ఏడవలేదు, అది నీకు చెప్పాలి. పోయినసారి లాగా కాదు. బస్సులో వస్తూ ఆలోచించినాను. మొదటిసారి టేకు ముక్క, దానికి లెక్క లేదు. అంటే నేను నిజంగా తప్పింది ఒక్కసారే, అదీ బెరుకువల్ల. ఒక్కసారి ఎవరైనా తప్పుతారు. అక్టోబరులో మళ్లీ పరీక్ష ఉంది. ఫారం ఇప్పుడే పంపినాను. బెల్టు వస్తే గది తిరిగి అడగవచ్చు కదా. గది రాకపోయినా సరే, వస్తాను. ఇసకలో నేర్పుతాను.

కాలు కొంచెం వాచింది. ఐసు పెడుతున్నాను. ఐసు అంటే నువ్వు గుర్తొస్తావు.

నవోమి

*

జువ్వలదిన్నె,
8 జులై

నవోమీ,

ఉత్తరం అంది నెల దాటింది. నాలుగుసార్లు రాసినా. ఒకటి ఐసు మీద తడిచింది. మూడు నేనే చించినా.

ముందు ఊరి సంగతి. జూన్ పదహారున తాళం ఇచ్చేసినా. మర్యాదస్తులే వచ్చినారు, సంతకం పెట్టించుకుని టీ కూడా ఇప్పించినారు. గదిలో ఇప్పుడు రంగు డబ్బాలు, తాళ్లు ఉన్నాయి. మాస్టారి ఫొటో తెచ్చి నా ఐసు షెడ్డులో పెట్టినా. తేమకు ముఖం పక్క ఉబ్బుతున్నది. పిల్లలు ఒక వారం ఇసకలోకి వచ్చినారు. ఒడ్డున కూచునే వయసు కుర్రోళ్లు ఈలలు వేసినారు. నేను తిట్టిపోసినా, ముత్యాలయ్య కర్ర విసిరినాడు. రెండోవారం ఆరుగురు వచ్చినారు. మొన్న ఎవరూ రాలేదు. నేనూ ముత్యాలయ్యా ఐదుంబావు దాకా కూచుని ఇంటికి పొయినాము. వేట మొదలయింది. మెర్లిన్ సోమవారం నుంచి వ్యాను ఎక్కుతున్నది. ఇంటరు ఫీజు కట్టమని మీ అన్నను అడిగినా. "నీ క్లబ్బు నేర్పింది చాలు" అన్నాడు.

ఆ పిల్లే చెప్పింది. కాలు కొంచెం వాచిందన్నావే, నువ్వు నాకు రాసింది అంతే గదా. సిమెంటు కట్టంట. పాత పగులే మళ్లీ విచ్చిందంట. ఈ కాలితో ఇంకొకసారి గట్టి వస్తువును తన్నితే మిషను తొక్కేదానికి కూడా పనికిరాదని డాక్టరు నీ ముందే చెప్పినాడంట. నువ్వు "అక్టోబరుకు ఇంకా టైముంది" అన్నావంట. మెర్లిన్ ఏడ్చింది. "మామా, అత్త నీ మాట వింటది, నువ్వు చెప్పు" అనింది.

నా మాట వింటావు. అదే గదా వచ్చిన తంటా.

నవోమీ, పోవద్దు. ఫారం వెనక్కి తీసుకో. నీకు ఆ కాలే అన్నం పెడుతున్నది. ఆరువందల చొక్కాలు ఆ కాలే కుట్టింది.

ఊరికే పోవద్దంటే నువ్వు వినవు. "మొదటిసారి టేకు ముక్క, దానికి లెక్క లేదు" అంటావు. దాని మీద నిలబడి ఉన్నావు. అందుకని అది తీసెయ్యాలి. నన్ను ఇప్పటిదాకా ఎంత తిట్టినావో అంతకు రెండింతలు ఇప్పుడు తిట్టుకో.

2003లో ఆ పొద్దు జరిగింది ఇది. మాస్టారు నా పక్కన నిలబడి చూస్తుండగా మామిడి చెక్క మూడు ముక్కలు కోసినా. పై ముక్క ఆండ్రూది, నడిమిది నీది, కింది ముక్క ముత్యాలయ్యది. నడిమిది నీకు ఎందుకిచ్చినానంటే, అంచుల్లో ముడులు ఉంటాయి, నడిమి ముక్క మెత్తన. నీ మీద పక్షపాతంతో ఇచ్చినా. మాస్టారికి తెలియలేదు. అది విరగలేదు. మీ నాయన నిన్ను ఎత్తుకుపొయ్యాడు, జనం నీ వెనకాల పొయినారు, మాస్టారు పొయ్యాడు. నేను ఒక్కణ్ణే మిగిలినా. చెక్కలో ఏమన్నా ఉందేమోనని తిప్పి తిప్పి చూసినా. ఏమీ లేదు. రెండు ఇటికరాళ్లు పెట్టి, దాని మీద నీ ముక్క పెట్టి మడమతో తొక్కినా. నేను, పసుపు బెల్టువాణ్ణి, తాగి ఉన్నా కూడా. ఒక్క దెబ్బకు విరిగింది. రెండు ముక్కలూ సముద్రంలో విసిరేసినా, ఎవరికీ కనపడకూడదని. నీకు కనపడకూడదని.

ఇన్నేళ్లూ ఎవరితో అనలేదు. అంటే నీకు ఏం మిగిలేది? మార్చిలో నీ ఉత్తరం చదివినాక, "దానికి ఇంకో అర్థం లేదు" అన్న మాట దగ్గర ఆగిపోయినా. గది కావాలి నాకు, కాదనను. కానీ ఆ మాట కూడా పోవాలనిపించింది. ఇంకో అర్థం ఒకటి చేసి ఇద్దామని కూచున్నా. ఎవరిమీద వెయ్యాలన్నా మనిషి కావాలి గదా. నా కన్నా నమ్మదగిన దొంగ ఈ మండలంలో ఎవడున్నాడు? నేను చేసినానంటే ఎవరైనా నమ్ముతారు. నువ్వూ నమ్మినావు. ఒక్క ప్రశ్న అడగలేదు.

నిజం చెప్తే మాత్రం ఇప్పుడు నమ్ముతావో లేదో. నిన్ను ఆపడానికి ఇంకొకటి అల్లినానని అనుకుంటావు. ఇంకోపక్క పట్టింది చచ్చిపోయిన బావమరిది అన్నానే, వాడు ఆ రోజు ఊళ్లోనే లేడు. ఇంకోపక్క చెక్క పట్టుకున్నది మీ అన్న, మెర్లిన్ నాయన. నీ కళ్లు చెక్క మీదే ఉన్నాయి, పట్టుకున్నవాళ్లను నువ్వు చూడలేదు. బతికే ఉన్నాడు. అడుగు. ఒకటే రంగు, ఒకటే బరువు అని చెప్తాడు.

మీ నాయన సమాధి దగ్గర నవ్వినానని రాసినావు. ఆ ఒక్క వాక్యం కోసం ఈ ఉత్తరం మూడుసార్లు చించినా.

టేకు ముక్క లేదు, తల్లీ. ముగ్గుపిండి లేదు. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, ఐసు పెట్టె మీద కూచుని, అదంతా నేను అల్లినా.

హజరత్తయ్య